సూదుల మెత్తలో ఏం కూరాలి

టైలరు లెక్కలో పరుపుల కొట్టు బామ్మర్ది సూదుల దొంగ. దీనికి సాక్ష్యం అక్కర్లేదు. టైలరు భార్య బతికున్న రోజుల్లో ఆ తమ్ముడు అక్కను చూడ్డానికి వచ్చేవాడు, కుట్టు బల్ల దగ్గర కూర్చునేవాడు, వెళ్ళిపోయేవాడు. వెనకాలే సూదులు తగ్గేవి. రెండు కొట్లకూ మధ్య ఒక్కటే గోడ. అయినా ఆవిడ పోయిన నాటి నుంచీ బావా బామ్మర్దులకు మాటల్లేవు.

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం కుట్టు బడి టీచరమ్మ వస్తుంది. బడిలో చేరే ప్రతి ఒక్కరికీ సూదులు గుచ్చి పెట్టుకునే మెత్త ఒకటి ఇవ్వాలని ఆవిడ ఆలోచన. టైలరు కూతురు నమూనా చూపించాలి. నచ్చితే ఆ పనంతా ఆమెదే. ఇన్నాళ్ళూ తండ్రి బల్ల చివర కాజాలు కుట్టుకుంటూ కూర్చున్న పిల్లకు అది మొదటి సొంత పని.

"లోపల ఉన్ని కూరి గట్టి లైనింగు వేస్తాను నాన్నా. రెండూ మావయ్య కొట్లో ఉన్నాయి."

"దొంగ ఇంటి దూది నా గడప తొక్కడానికి వీల్లేదు."

"దూది కాదు, ఉన్ని."

"ఏదైనా సరే. రంపపు పొట్టు కూరు. లైనింగు దండగ. పైగుడ్డ చాలదూ?"

చాలలేదు. సూది గుచ్చినప్పుడల్లా కుట్ల సందుల్లోంచి పొట్టు రాలింది. ఇస్త్రీకి పరిచిన ప్లీడరు నల్లకోటు మీదికి ఫ్యాను దాన్ని మోసుకుపోయింది. టైలరు నీళ్ళు చల్లి దులపబోయాడు. తడికి పొట్టు అతుక్కుంది. ఆరితే రాలుతుందని వేడి ఇస్త్రీ పెట్టాడు. ఇక అది రాలే ప్రశ్నే లేదు.

అంతలో ప్లీడరే వచ్చాడు. "ఇదేమిటయ్యా, నా కోటుకు గజ్జి పట్టింది?"

"కొత్త రకం గుడ్డ సార్."

"నేనిచ్చింది పాత కోటు."

గోడ అవతల ఎవరో గట్టిగా దగ్గారు.

"వాడు నవ్వుతున్నాడు" అన్నాడు టైలరు.

"దగ్గు నాన్నా."

"దొంగ దగ్గు."

కోటు శుభ్రమయ్యేదాకా కదలనని ప్లీడరు గుమ్మంలో బూట్లు విప్పి బైఠాయించాడు. కూతురు బ్రష్షు పట్టుకుని కోటు మీద పడింది. టైలరు మెత్త సంగతి తానే తేల్చుకుందామనుకున్నాడు. పొట్టు తేలిక కనక ఎగిరింది, ఇసుకైతే ఎగరదని మెత్తలో అది కూరాడు. నిజమే, ఎగరలేదు. జారింది. మిషను మీద పెట్టిన మెత్తలోంచి సన్నగా కారి పళ్ళ మధ్యకు దిగింది. మిషను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. టైలరు కంగారుగా మెత్తను లాగాడు. అది కాస్తా పిగిలింది. మిగిలిన ఇసుక ప్లీడరు బూటులో పడింది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకన్నా ముందే, టీచరమ్మ వచ్చింది.

"ఏదమ్మా నమూనా?"

చూపించడానికి ఏమీ లేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి టైలరు సొరుగు తీశాడు. భార్య చేసిన పాత మెత్తను ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు. ఆ రోజు ఇచ్చాడు.

"మా ఆవిడ చేసింది. ఇలాంటివే చేస్తాం. ఇందులో గుచ్చిన సూదికి తుప్పన్నది ఎరగం."

"లోపల ఏముంది?"

"నేనెప్పుడూ అడగలేదు."

టీచరమ్మ బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది. "అమ్మో!" అని కేక పెట్టింది. వేలి మీద నెత్తురు చుక్క. చూస్తే మెత్త పైన ఒక్క సూదీ లేదు. ఆ కేకకు బామ్మర్ది పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఒక పక్క విప్పుతాను నాన్నా. మళ్ళీ నేనే కుడతాను" అంది కూతురు.

టైలరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాదనలేదు. ఆమె కుట్టు విప్పింది. బల్ల మీదికి సూదులు రాలాయి. సన్నవి, లావువి, పూసలు గుచ్చేవి, గుప్పెళ్ళకొద్దీ. అన్నీ కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి.

ముందు నోరు విప్పింది ప్లీడరు, అది ఆయన వృత్తి. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావన్న మాట."

టీచరమ్మ లోపల కూరినదాన్ని వేళ్ళతో నలిపింది. "మంచి గొర్రె ఉన్ని. దీని జిడ్డే సూదుల్ని కాపాడింది. లైనింగు లేదు కనక గుచ్చినవన్నీ లోపలికి జారిపోయాయి. ఎక్కడిదిది?"

"నా కొట్లోదే" అన్నాడు బామ్మర్ది. "అక్క వచ్చినప్పుడల్లా కొంగులో గుప్పెడు దాచుకుపోయేది. నేను చూళ్ళేదనుకునేది."

"మరి చెప్పి చావలేదేం?" అన్నాడు టైలరు. ఆవిడ పోయాక అతనితో ఆడిన మొదటి మాట అదే.

"మా అక్కను దొంగ అనమంటావా బావా?"

టైలరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఉన్ని ఇదే ఉండాలి, లోపల గట్టి లైనింగు పడాలి. చేస్తావా అమ్మా?" అని టీచరమ్మ అడిగింది.

"చేస్తానండీ!" ఆ పిల్ల గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "మావయ్యా, ఉన్ని..."

"పట్టుకుపోవే. నువ్వు గోనెతోనే పట్టుకుపో."

టైలరు బామ్మర్దికి కుర్చీ జరిపాడు. క్షమాపణ అడగలేదు. అది ఆయన నేర్వని విద్య. "సూదుల సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదు. నేనైతే చచ్చినా ఎత్తను" అన్నాడు. తర్వాత సూదుల కుప్పను వేలితో ఒకసారి కెలికి చూశాడు. అప్పట్లో పోయిన దబ్బనం మాత్రం అందులో లేదు. పరుపులు కుట్టేది దబ్బనంతోనే.

అయినా ఆయన మాట మీద నిలబడ్డాడు.