పదమూడు వేల కిలోమీటర్ల కోళ్లగూడు

మనిషి జన్మ ఎత్తాక ప్రతివాడికీ ఐదు కోళ్లు ఉండి తీరాలి. అవి సొంతవి కాకూడదు. దగ్గరలో అసలే ఉండకూడదు. కనీసం పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో, సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద, మోకాలి లోతు మంచులో ఉండాలి. వాటి బాగోగులు నిమిషనిమిషానికీ మన ఫోన్‌లో మోగుతూ ఉండాలి. కలియుగంలో అంతకు మించిన అదృష్టం లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. సింగపూర్‌లో, టోవా పాయోలో పదకొండో అంతస్తులో ఉండే ఉపేంద్ర కూడా మొదట నవ్వినవాడే.

ఉపేంద్రది తెనాలి. పాయా లేబర్ అనే పేటలో ఉద్యోగం. ఒక బ్యాంకు తాలూకు కంప్యూటర్లు పడిపోకుండా కాపలా కాయడం అతడి పని. భార్య ఉమ, పదమూడేళ్ల కూతురు మహతితో ఏడేళ్లుగా ఆ ఫ్లాట్‌లోనే కాపురం. పుట్టి బుద్ధెరిగాక కోడిని కంచంలో తప్ప దగ్గరగా చూసిన పాపాన పోలేదు. చలి అంటే అతడికి తెలిసింది ఆఫీసు ఏసీ ఒక్కటే. దానికే స్వెట్టర్ తొడుక్కుని కూర్చునేవాడు.

ఉమ చెల్లెలు నిఖిల కెనడాలో నర్సు. ఎడ్మంటన్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఇల్లు. భర్త శశికాంత్ నెలలో సగం రోజులు చమురు బావుల దగ్గర క్యాంపులోనే ఉంటాడు. పోయిన వేసవిలో ఆ అమ్మాయి పెరట్లో ఐదు పెట్టల్నీ, రెండు కుందేళ్లనీ పెట్టింది. పెట్టల పేర్లు ఇడ్లీ, బూందీ, మిర్చి, పెసర, జిలేబి. కుందేళ్లు పప్పు, చారు. నాలుక్కి కరువైనవన్నీ అలా పెరట్లో తిరుగుతుంటే ఆమెకు కొంచెం ఊరటగా ఉండేది.

నవంబరులో మంచు పడింది. ఆ వెంటనే ఫోన్ వచ్చింది.

"బావా, చిన్న సాయం. గూటికి కొత్త యాప్ పెట్టించాను. తలుపు దానంతటదే మూసుకుంటుంది, కెమెరా ఉంది, హీటర్ ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ నాకు వారానికి నాలుగు నైట్ డ్యూటీలు. ఫోన్ లాకర్లో పెట్టెయ్యాలి. మాకు రాత్రి పదైతే మీకు మధ్యాహ్నం ఒంటిగంటే కదా. మిమ్మల్ని కూడా అందులో కలిపేస్తాను. ఊరికే అట్లా ఓ కన్నేసి ఉంచండి, చాలు."

"ఊరికే ఓ కన్నేసి ఉంచండి" అన్న మాట లోకంలో ఎంతమంది కళ్లు పోగొట్టిందో ఉపేంద్రకు తెలియదు పాపం. సరేనన్నాడు.

మర్నాటి నుంచి అతడి ఫోన్ కొక్కొక్కో అనడం మొదలుపెట్టింది. గూట్లో మైనస్ నాలుగు. తేమ అరవై ఎనిమిది శాతం. మిర్చి మెట్టు దిగింది. మిర్చి మెట్టెక్కింది. పప్పు చారుని కరిచింది. నీళ్లు గడ్డకట్టేలా ఉన్నాయి, గిన్నె వెంటనే మార్చండి!

పాయా లేబర్‌లో కూర్చున్నవాడు ఆ గిన్నె ఎలా మారుస్తాడు? ఆ అనుమానం యాప్‌కి రాలేదు.

దీన్ని నస అంటారు తెలియనివాళ్లు. దీనివల్ల ఉపేంద్రకు ఒనగూడిన లాభాలు చూడండి మరి!

డిసెంబరులో పెద్ద మీటింగ్. ఉపేంద్ర తెర మీద స్లైడ్లు చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తెర నిండా ఒక మెసేజ్ పడింది: ఇడ్లీ పడిపోయింది! కునుకు తీస్తున్న డైరెక్టర్ ఉలిక్కిపడి లేచాడు. ఇడ్లీ అనేది ఏ సర్వరో అనుకున్నాడాయన. "ఎంతసేపటి నుంచి?" అని కంగారుగా అడిగాడు. ఇంతలో రెండో మెసేజ్: ఇడ్లీ మళ్లీ లేచింది. "ఆరు సెకన్లు సార్," అన్నాడు ఉపేంద్ర నిజాయితీగా. ఆ మూడు నెలల్లో ఆ డిపార్ట్‌మెంట్‌లో పడిపోయిన వాటిలో అంత తొందరగా లేచింది అదొక్కటే. అందరి ముందూ మెచ్చుకున్నారు!

అంతేనా? స్నేహితుడు కూడా దొరికాడు. ఒకరోజు సాయంత్రం ఉపేంద్ర బ్లాకు కింద లిఫ్టు కోసం నిలబడి ఉండగా ఫోన్ కొక్కొక్కోమంది. ఆ చుట్టుపక్కల ఎవరివీ కాని నాటుకోళ్లు నాలుగైదు తిరుగుతుంటాయి. వాటిలోని పుంజు ఒకటి మెడ నిక్కించి, రెక్కలు టపటపలాడించుకుంటూ ఉపేంద్ర మీదికి పరుగెత్తుకొచ్చింది. అతడు బెంచీ ఎక్కేశాడు.

ఆ బెంచీ మీద అప్పటికే కూర్చున్న ముసలాయన పడీపడీ నవ్వాడు. ఆయన పేరు యర్రయ్య. డెబ్బై ఎనిమిదేళ్లు. మలేషియాలో తోటల్లో పుట్టి, సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరై, అదే బ్లాకులో రెండో అంతస్తులో ఉంటున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ అరవై కోళ్లు పెంచిందట.

"ఫోనులో పెట్టల్ని పెట్టుకుని తిరుగుతున్నావు, పుంజు రాదేటి మరి?" అన్నాడు యర్రయ్య. సంగతంతా విని, ఆ చిన్న తెరలోకి కళ్లు చికిలించి చూసి తల ఊపాడు. సింగపూర్ వాళ్లందరిలాగే ఆయనకీ మాట చివర 'లా' తగిలించడం అలవాటు. "మంచు నానెప్పుడూ సూడనేదు గానీ, కోడిని సూసినాను. దానికి చలేటీ సెయ్యదు లా. ఒళ్లంతా దుప్పటే కదా! తడి సంపుద్ది, ఎదురుగాలి సంపుద్ది. ఆ హీటర్ గోల అట్టే ఎందుకు? కింద గడ్డి మందంగా ఎయ్యమను. పైన ఆవిరి పోయే సందు ఉంచమను."

నిఖిలకు ఆ మాట చెబితే, యాప్‌లో గడ్డి అన్న మీట లేదంది.

జనవరి రెండో వారం, ఒక గురువారం. సాయంత్రం ఎనిమిదిన్నర. ఉపేంద్ర కుటుంబం యర్రయ్యను వెంటబెట్టుకుని, తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లింది. మన బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న టేబుల్ దగ్గర వేడివేడి నూడుల్స్ ముందు కూర్చున్నారో లేదో, ఫోన్ మోగింది.

అప్‌డేట్ విజయవంతం!

మంచి వార్తే కదా అనుకున్నాడు ఉపేంద్ర. మరుక్షణం ఇంకోటి: తలుపు తెరుచుకుంది.

కెనడాలో తెల్లవారుజాము ఐదున్నర. చిమ్మచీకటి. బయట మైనస్ ముప్ఫై మూడు. యాప్ తనను తాను బాగుచేసుకుని, ఆ సంతోషంలో గూటి తలుపు తెరిచేసింది! ఉపేంద్ర మూసివేత మీట నొక్కాడు. తలుపు సగం దిగి, గాడిలో మంచు అడ్డుపడి, ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. 'అడ్డంకి ఉంది, దయచేసి తొలగించండి' అంది యాప్ మర్యాదగా.

కెమెరాలో కనబడుతోంది. ఆ సందులోంచి మంచు పొడి సుడులు తిరుగుతూ లోపలికి కొడుతోంది. నాలుగు పెట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తలుపుకు దగ్గరగా, నేల మీద, జిలేబి. అది కదలడం లేదు. మైనస్ తొమ్మిది. మైనస్ పన్నెండు. పైగా అది రాత్రిపూట నక్కలు తిరిగే ఊరు.

ఇంతకాలం నస నస అని విసుక్కున్న ఉపేంద్రే, నూడుల్స్ పక్కకు నెట్టేసి నిలబడ్డాడు.

నిఖిల ఫోన్ లాకర్లో మోగి మోగి ఆగిపోయింది. శశికాంత్‌కి క్యాంపులో సిగ్నల్ లేదు.

"ఆసుపత్రికి చేద్దామా?" అన్నాడు.

"చేసి ఏమంటారు? కోడికి చలేస్తోంది, నర్సుని ఇంటికి పంపించండి అంటారా?" అంది ఉమ.

"పక్కింటివాళ్ల నంబర్ ఉందా?"

"మా నిఖిలకే లేదు. నాలుగేళ్లుగా ఎవరో పెద్దావిడ మంచు తోస్తూ కనబడుతుందట. ఇది చెయ్యి ఊపుతుందట, ఆవిడా ఊపుతుందట. అంతే."

యర్రయ్య మెల్లిగా అడిగాడు. "ఆ పెట్టెలో కోడి మాట్లాడితే మనకి ఇనపడతాది కదా. మనం మాట్లాడితే కోడికి ఇనపడదేటి?"

నిజమే! కెమెరాకి స్పీకర్ ఉంది. ఉపేంద్ర దాని గొంతు పూర్తిగా పెంచి, హాకర్ సెంటర్ మధ్యలో నిలబడి, గుండెలు పగిలేలా అరిచాడు. "హలో! హెల్ప్! ఎవరైనా ఉన్నారా! హెల్ప్!"

ఇక్కడ రెండు వందల మంది తినడం ఆపి చూశారు. అక్కడ నాలుగు పెట్టలు ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి.

"నాన్నా, ఎవ్రీవన్ లుకింగ్ లా!" అని మహతి మొహం కప్పుకుంది.

"చూడనీ! హలో! హెల్ప్!"

ఐదు నిమిషాలు అరిచాడు. గొంతు పోయింది. ఉమ అందుకుంది. ఆమె అరుపుకి పక్క స్టాల్‌లో గరిటె కింద పడింది. అప్పుడు కెమెరాలో ఒక టార్చి వెలుగు ఊగింది. ఆ వెనక మంచు తోసే పార, దాని వెనక ఒక మంకీ టోపీ.

"ఎవరక్కడ? బయటికి రా! నా చేతిలో పార ఉంది!" ఇంగ్లీషులో ఒక ముసలి గొంతు.

"మేడమ్, నేను రాలేను! సింగపూర్‌లో ఉన్నాను!"

"సింగపూర్‌లో ఉన్నవాడివి నా పక్కింటివాళ్ల కోళ్లగూట్లో ఏం చేస్తున్నావు?"

న్యాయమైన ప్రశ్నే. ఉపేంద్ర తలుపు, అప్‌డేట్, మరదలు అంటూ ఏదేదో అన్నాడు. యర్రయ్య ఫోన్ లాక్కున్నాడు.

"మేడమ్, ముందు గాలి ఆపండి. తరువాత తిట్టండి," అన్నాడు తన షిప్‌యార్డు ఇంగ్లీషులో.

ఆ మాటతో ఆవిడకు పరిస్థితి అర్థమైంది. మారు మాట్లాడకుండా పారతో గాడిలోని మంచు కొట్టింది. తలుపు దిగలేదు. ఎక్కడినుంచో చెక్క తెచ్చి సందుకు అడ్డం పెట్టింది. షెడ్డులోంచి గడ్డి మోసుకొచ్చి పెట్టల చుట్టూ, కుందేళ్ల పెట్టెలోనూ కుక్కింది. ఆఖరికి వంగి జిలేబిని ఎత్తుకుంది. దాని నెత్తి మీది ఎర్రటి జుట్టు అంచులు తెల్లబారిపోయి ఉన్నాయి.

"మేడమ్, రుద్దకండి," అన్నాడు యర్రయ్య.

"తెలుసు. నిప్పు దగ్గరా పెట్టను," అందావిడ. కోటు గుండీలు విప్పి జిలేబిని లోపల పెట్టుకుంది. క్షణం తరువాత ఆ కోటులోంచి, చాలా నీరసంగా, ఒక కొక్కో వినిపించింది.

ఉపేంద్ర కుర్చీలో కూలబడ్డాడు. అతడి కళ్లలో నీళ్లు చూసి పక్క టేబుల్ ఆయన, నూడుల్స్‌లో కారం ఎక్కువైందనుకుని, తన చెరుకురసం గ్లాసు ఇటు జరిపాడు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నిఖిల, నాలుగేళ్లలో మొదటిసారి పక్కింటి తలుపు తట్టింది. ఆవిడ పేరు ఓల్గా. వంటగదిలో అట్టపెట్టెలో జిలేబి దర్జాగా కూర్చుని మొక్కజొన్న గింజలు తింటోంది. తెలిసిందేమంటే, ఓల్గా కోళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న ప్రతి చలికాలం రెండు వందల కోళ్లను ఒక్క హీటర్ లేకుండా గట్టెక్కించేవాడు.

"గూటి తలుపు ఉత్తరం వైపు పెట్టావమ్మా, గాలంతా లోపలికే. మొదటిరోజే చూశాను," అంది ఓల్గా టీ పోస్తూ.

"మరి చెప్పలేదేం ఆంటీ?"

"నీ సొంత విషయం కదా. బాగుండదని ఊరుకున్నాను."

ఆ మాట నిఖిల ఫోన్‌లో చెప్పినప్పుడు ఉపేంద్రకు ఒక సంగతి తట్టింది. కోడి మెట్టు దిగితే పదమూడు వేల కిలోమీటర్ల అవతల గంట కొట్టే యంత్రం ఉంది. మధ్యలో కంచె మాత్రమే ఉన్న ఇంటికి వినిపించేలా కొట్టే గంట లేదు!

ఆదివారం ఓల్గా, నిఖిల కలిసి గూటిని దక్షిణానికి తిప్పారు. గడ్డి అడుగు మందాన పరిచారు. చలికాలం మిగతా రెండు నెలలూ యాప్ మోగుతూనే ఉంది గానీ, అది మోగేసరికే గిన్నె మారిపోయి ఉండేది. జిలేబి జుట్టు అంచు కొంచెం రాలిపోయింది. గుడ్లు మాత్రం మానలేదు.

ఏప్రిల్‌లో నిఖిల ఫోన్ చేసింది. "బావా, మా హాస్పిటల్లో ఇంకో అమ్మాయి కూడా కోళ్లు పెంచుతానంటోంది. మీ నంబర్ ఇవ్వనా?"

"ఇవ్వు. అయితే ముందు తన పక్కింటివాళ్ల నంబర్ నాకు పంపమను," అన్నాడు ఉపేంద్ర చాలా గొప్పగా.

కూరగాయలు తరుగుతున్న ఉమ తలెత్తకుండానే అడిగింది. "ఇంతకీ మన ఎదురు ఫ్లాట్ ఆయన పేరేంటండీ?"

ఉపేంద్ర ఫోన్ కింద పెట్టాడు. ఏడేళ్లు! లిఫ్టులో తల ఊపడం, ఆయనా ఊపడం. అంతే.

అప్పటికప్పుడే చెప్పులేసుకుని, నాలుగడుగులు నడిచి, ఎదుటి గంట నొక్కాడు. అరవై ఏళ్ల చైనీస్ పెద్దమనిషి తలుపు తీశాడు. ఉపేంద్ర తన పేరు చెప్పి చెయ్యి చాపాడు. ఆయన తన పేరు లిమ్ అని చెప్పి, చెయ్యి వదలకుండానే, ఉపేంద్ర భుజం మీదుగా అతడి ఇంటి లోపలికి తొంగి చూశాడు.

"చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "బాగుండదని ఊరుకున్నాను. నవంబరు నుంచి రోజూ సాయంత్రం వింటున్నాను లా. మీ ఫ్లాట్‌లో మొత్తం ఎన్ని కోళ్లు?"

"ఐదు," అన్నాడు ఉపేంద్ర. "మకాన్ అయిందా? రండి, భోంచేస్తూ చూపిస్తాను."