అరవైనాలుగు గళ్ళ నిర్ణయం

విదేశానికి వలస వచ్చిన ఒక కుటుంబ యజమాని, ఏ నగరంలో స్థిరపడాలన్న విషయమై ఏడు నెలలు అహోరాత్రులు శ్రమించి, అరవైనాలుగు అంశాలను తూకం వేసి, మూడు నగరాలను స్వయంగా తనిఖీ చేసి, ఎట్టకేలకు సముచితమైన నిర్ణయం తీసుకున్నారని ఎల్లరకూ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ వార్త 'ప్రవాస కుటుంబాల పరస్పర క్షేమ సంఘం' వారి పత్రికలో మొదటి పేజీలోనే పడింది. ఆ పత్రికకు ఉన్నదే ఒక పేజీ, అది వేరే సంగతి.

సదరు యజమాని లిఫ్టు మెకానిక్కు. అందరూ ఆయన్ను లిఫ్టాయన అంటారు. లిఫ్టు పైకి వెళ్తుంటే తలుపు దగ్గర చెవి పెట్టి, ఏ అంతస్తు దగ్గర ఏ బోల్టు వదులైందో చెప్పగల ఘనుడు. చేతిలో పనున్నవాడు ఎక్కడైనా బతుకుతాడని పెద్దలన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎక్కడైనా బతకగలిగినవాడు ఎక్కడ బతకాలో ఎలా తేల్చుకోవాలో పెద్దలు చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆయనా, భార్యా, ఏడేళ్ళ కూతురూ నాలుగు పెట్టెలతో కొత్త దేశంలో దిగిన రోజున ప్రభుత్వం వారు ఒక కాగితం చేతికిచ్చారు. అందులో తొమ్మిదో గడి: 'శాశ్వతంగా నివసించదలచిన నగరం'. ఏడు నెలల్లోగా అది నింపి, భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి ఇవ్వాలి. నింపకపోతే అనుమతి రద్దయి, వచ్చిన దారినే వెళ్ళాలి. అందాకా తల దాచుకోవడానికి, దిగిన ఊళ్ళోనే ఒక మేడ మీద నాలుగో అంతస్తులో రెండు గదులు చూపించారు.

ఆ దిగిన ఊరు ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడగవలసిన ఊరు కాదది. "రైలు దిగిన స్టేషన్లోనే కాపురం పెడతారా తమ్ముడూ ఎవరైనా?" అని ఫోనులో నవ్వాడు తోడల్లుడు. ఆయన ఈ దేశానికి ఎనిమిదేళ్ళ ముందే వచ్చినవాడు, పైగా ఇంటావిడ అక్క మొగుడు. కాదనడానికి నోరెలా వస్తుంది?

నిజం చెప్పొద్దూ, లిఫ్టాయనకు లోపల భయంగా ఉండేది. భార్యాబిడ్డల్ని ఇంత దూరం తీసుకొచ్చింది తను. రేపు ఊరు కలిసిరాకపోతే మాట పడేదీ తనే. లిఫ్టుకైతే తాడు తెగినా ఆపడానికి అడుగున బ్రేకులుంటాయి. కాపురానికి అలాంటి ఏర్పాటేదీ ఉన్నట్టు ఆయనకు తెలియదు. అందుకని భయపడ్డ మగవాళ్ళందరూ చేసే పనే చేశాడు. ఒక నోటుబుక్కు కొన్నాడు.

అందులో అరవైనాలుగు గళ్ళు గీశాడు. నీళ్ళు, గాలి, బళ్ళు, ఆసుపత్రులు, చలి, చలి కానిది, విమానాశ్రయం ఎంత దగ్గర, విమానాల చప్పుడు ఎంత దూరం. ముప్పై ఒకటో గడి 'మనవాళ్ళు'. ఇది చాలా సున్నితమైన అంశం. మనవాళ్ళు మరీ తక్కువైతే ఊసుపోదు, మరీ ఎక్కువైతే ఊపిరాడదు. మన కొత్త కారు చూడడానికి సరిపడేంతమంది ఉండాలి, మన ఇంట్లో గొడవలు వినడానికి చాలనంతమందే ఉండాలి. అలాంటి నగరం భూమ్మీద ఉందో లేదో తేల్చడానికే ఆయనకు ఒక నెల పట్టింది.

సలహాలు ముప్పై ఏడు మందిని అడిగాడు. బంధువులను, బంధువులకు బంధువులను, చివరికి ఒకసారి రాంగు నంబరు వస్తే అవతలాయన్ను కూడా అడిగాడు. ఆయన కూడా తన ఊరే రమ్మన్నాడు.

ముందుగా తోడల్లుడి ఊరికి ముగ్గురూ వెళ్ళారు. అదంతా అచ్చం పెళ్ళిచూపుల్లా జరిగింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ఒక కాపురం పెట్టించడానికి ఎన్ని కావాలో లెక్క లేదు. ఆ ఊళ్ళో తోళ్ళ ఫ్యాక్టరీ ఒకటుంది. దాని వాసన ముందు గుమ్మంలోకి, తర్వాత కాఫీలోకి వచ్చింది. తోడల్లుడు ముక్కు కదపకుండా కిటికీలు చూపించాడు. "ఏం బిగింపు తమ్ముడూ! ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తెరవాల్సిన అవసరం రాలేదంటే చూసుకో!" అన్నాడు.

మర్నాడు లిఫ్టులో ఇద్దరే ఉన్నప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. "ఎలాగూ మీ బాబాయి ఊరు కూడా చూడబోతున్నావుగా, మా లైన్లో ఉద్యోగాలేమైనా ఖాళీ ఉంటాయేమో కనుక్కో. మీ వదినకు మాత్రం చెప్పకు."

అక్కణ్ణుంచి తిరిగొచ్చాక ఇంటావిడ, "మిగతావి మీరు చూసి రండి. పాపకు ప్రయాణాలు పడటం లేదు" అంది. ఆయనకూ అదే సబబనిపించింది. బరువైన నిర్ణయాలకు ఏకాంతం మంచిది.

బాబాయి ఊళ్ళో ఏడాదికి పదకొండు నెలలు వాన. బాబాయి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి, ప్రతి విషయానికీ మూడు కారణాలు చెబుతాడు. "ఒరే అబ్బాయీ, ఎండ లేకపోవడం అదృష్టంరా. ఒకటి, కర్టెన్లు వెలిసిపోవు. రెండు, కళ్ళకు చలువ. మూడోది..." అని ఆగి, మోకాళ్ళు పట్టుకుని లేచి, మూడోది రేపు చెబుతానన్నాడు. మర్నాడు గొడుగు కింద స్టేషను దాకా సాగనంపుతూ మూడోది చెప్పాడు. "ఆ మందుల షాపు స్నేహితుడున్నాడే నీకు, వాడి ఊళ్ళో కాస్త ఎండ తగులుతుందట కదా. అక్కడ చిన్న ఇల్లేదైనా చూడు. పిన్నికి తెలియనీకు."

మందుల షాపు స్నేహితుడి ఊళ్ళో ఎండ బాగానే ఉంది. దాన్ని చూడడానికి మాత్రం మనుషులెవరూ బయట లేరు, అందరూ రైళ్ళల్లో ఉన్నారు. స్నేహితుడు షాపుకు వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. "రోజుకు నాలుగు గంటలు నా కోసం నాకు దొరుకుతాయిరా! ఈ రోజుల్లో ఎవడికుంది ఆ భాగ్యం?" అన్నాడు, నిలబడే కునుకు తీస్తూ. దిగబోయే ముందు కళ్ళు తెరిచి, లిఫ్టాయన తోడల్లుడి ఊళ్ళో మందుల షాపుల పరిస్థితి ఎలా ఉందో వాకబు చెయ్యమన్నాడు.

ఈ విధంగా లిఫ్టాయన మూడు నగరాలను, మూడు రహస్యాలను కడుపులో పెట్టుకుని తిరిగొచ్చాడు. వాళ్ళు అబద్ధాలకోరులని పాఠకులు తొందరపడి అనుకోకూడదు. పాపం మంచివాళ్ళే. తను వచ్చిన ఊరికి ఇంకొకడు కూడా వస్తే తప్ప, తను వచ్చింది సరైన ఊరేనని ఏ మనిషికీ ధైర్యం కలగదు. ఆ ధైర్యం కోసం ఎనిమిదేళ్ళు కిటికీలు మూసుకుని ఎదురు చూడడం చిన్న విషయం కాదు.

ఈలోపు నాలుగో అంతస్తులో చిన్న చిన్న విషయాలు కొన్ని జరిగాయి. అవి నోటుబుక్కులోకి ఎక్కదగినవి కావు. ఆయన మొదటిసారి ఒంటరిగా ఊరెళ్ళినప్పుడు ఇంటావిడ వీధి చివర బట్టలు సరిచేసే దుకాణంలో ప్యాంట్లకు అంచులు కుట్టే పనికి చేరింది. రెండోసారి వెళ్ళినప్పుడు పాప బడిలో చేరింది. ఆ తర్వాత రెండు నెలలకల్లా పాప ఆ దేశపు భాషలో పక్కింటి పిల్లతో పోట్లాడుతోంది. ఆయన సంతోషించి, "పోనీలే, వెళ్ళబోయే ఊళ్ళో పనికొస్తుంది" అన్నాడు.

ఆయన మాత్రం ఖాళీగా ఉన్నాడా? పెట్టె మోసుకుంటూ నాలుగంతస్తులు ఎక్కలేక, రెండేళ్ళుగా పనిచెయ్యని ఆ మేడ లిఫ్టును ఒక మధ్యాహ్నం బాగుచేశాడు. మేడలో ఉన్న ముసలివాళ్ళంతా లిఫ్టులో పైకీ కిందికీ ఊరికే తిరిగి, దిగినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఇల్లుగలాయన తనకున్న పద్నాలుగు మేడల లిఫ్టులూ చూసుకోమని అడిగాడు. "స్థిరపడ్డాక ఆలోచిస్తానండీ" అని మర్యాదగా చెప్పి, లిఫ్టాయన నలభై రెండో గడి నింపుకుంటూ కూర్చున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని మీకు తోచవచ్చు. ఆయనకు తోచలేదు.

గడువు దగ్గరపడింది. మార్కులన్నీ కూడితే మూడు నగరాలకూ సరిగ్గా నలభై ఒకటేసి వచ్చాయి. రావా మరి? తోడల్లుడికి కోపం రాకుండా గాలికి రెండు కలిపాడు. బాబాయి నొచ్చుకోకుండా ఎండకు మూడు కలిపాడు. స్నేహితుడి ముఖం చూసి రైలు ప్రయాణాన్ని వినోదం కింద జమ కట్టాడు. చివరి వారం రోజులూ ఆయనకు అన్నం సయించలేదు. ఏ ఊరు రాస్తే ఏం తప్పు చేసినవాడినవుతానోనని కూతురి ముఖం కూడా సరిగ్గా చూడలేకపోయాడు.

ఆఖరి రోజున భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. సంతకానికి ఆవిడ కావాలి కదా. కిటికీ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఉద్యోగిని కాగితం తీసుకుని తొమ్మిదో గడి మీద వేలు పెట్టింది. లిఫ్టాయన కలం పట్టుకున్నాడు. వెనక వరసలో ఇరవై మంది దగ్గారు. కలం కాగితం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఇలా మూడుసార్లయ్యాక ఉద్యోగిని ఆయన్ను వదిలేసి, పక్కనున్న ఆవిడ వైపు తిరిగి ఏదో అడిగింది. ఆవిడ ఆ భాషలోనే తడుముకోకుండా జవాబు చెప్పింది. ఉద్యోగిని టకటకా రాసేసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, ముద్ర గుద్దింది.

"ఏం చెప్పావు?" అన్నాడు లిఫ్టాయన, పై ప్రాణాలు పైనే పోయి.

"ఈ ఊరే అని చెప్పాను."

"ఈ ఊరా! నోటుబుక్కులో దీని పేరే లేదు కదే!"

"నోటుబుక్కులో లేకపోతేనేం? పాప బడి ఇక్కడ. నా పని ఇక్కడ. ఆ ఇల్లుగలాయన లిఫ్టుల కోసం మీ చుట్టూ నెల రోజులుగా తిరుగుతున్నాడు, పాపం. ఇంకెక్కడికి పోతామండీ?"

"ఎప్పుడనుకున్నావిలా?"

"వచ్చిన మూడో వారంలో. పాప చెయ్యి పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తుతుంటే డ్రైవరు అద్దంలో చూసి ఆపాడు. ఎక్కి కూర్చునేదాకా కదల్లేదు. ఒక్కళ్ళు కూడా విసుక్కోలేదు. సరే, ఇక్కడుండొచ్చు అనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

ముప్పై ఏడు మందిని అడిగిన మనిషి నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. వెంటనే కొంచెం సిగ్గేసింది. హాయి మాత్రం అలాగే ఉండిపోయింది. సిగ్గు ఆఫీసు మెట్లు దిగేలోపలే తగ్గిపోయింది.

వార్త తెలిసి తోడల్లుడూ, బాబాయీ, స్నేహితుడూ వారం రోజులు అలిగారు. ఆ తర్వాత ముగ్గురూ విడివిడిగా ఫోను చేసి, ఆ మేడలో ఇంకేమైనా గదులు ఖాళీ ఉన్నాయా అని, ఎవరికీ చెప్పవద్దని అడిగారు. పరస్పర క్షేమ సంఘం వారు మాత్రం ఏకంగా అభినందన సభే పెట్టారు. అధ్యక్షులవారు పూలగుత్తి చేతికిచ్చి, మైకు సరిచేసుకున్నారు.

"సోదర సోదరీమణులారా! అందరూ ఆ మూడు మహానగరాల వైపే చూస్తున్న ఈ తరుణంలో, ఎవరి కంటికీ ఆనని ఈ నగరపు గొప్పదనాన్ని ఒంటరిగా పసిగట్టిన దార్శనికుడు మన లిఫ్టాయనగారు! అంతస్తులు ఎక్కించేవారు ఎందరో, ఏ అంతస్తులో దిగాలో తెలిసినవారు ఒక్కరే!" అని ఆయన ముప్పావుగంట మాట్లాడారు. చివరికి, "ఈ నిర్ణయం వెనకున్న రహస్యమేమిటో వారి నోటనే విందాం" అని కూర్చున్నారు.

లిఫ్టాయన లేచాడు. ఆఖరి వరసలో, ఒళ్ళో పాపను పడుకోబెట్టుకుని ఇంటావిడ కూర్చుని ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. నిజం నాలుక చివరిదాకా వచ్చిందని మనం నమ్మవచ్చు. మంచి మనిషే కదా. కానీ ఎదురుగా నూట యాభై మంది, వాళ్ళ చేతుల్లో కాగితాలూ కలాలూ, ఆయన చేతిలో పూలగుత్తి.

"ఈ నిర్ణయం వెనక," అన్నాడు గొంతు సవరించుకుని, "ఏడు నెలల అధ్యయనం ఉంది."

సభ చప్పట్లతో మారుమోగింది. ఇంటావిడ కూడా కొట్టింది, పాప నిద్ర చెడకుండా, మెల్లగా.

ఆనాటి నుంచి లిఫ్టాయన ఇంటికి ఆదివారమైతే చాలు, కొత్తగా వచ్చిన కుటుంబాలు వరస కడుతున్నాయి. ఊరు ఎంచుకోవడంలో ఆయన్ను మించినవారు లేరని దేశమంతా పేరు. మగవాళ్ళు ముందుగదిలో నోటుబుక్కు చుట్టూ చేరి నీళ్ళూ గాలీ చర్చిస్తారు. వాళ్ళ భార్యలు వంటింట్లో కూర్చుంటారు. అక్కడ ఇంటావిడ కాఫీ కలుపుతూ ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. "నీకెక్కడుండాలనుందమ్మా?"

కాసేపటికి కాఫీలు పట్టుకొచ్చి, మాటవరసకన్నట్టు, "ఫలానా ఊళ్ళో నీళ్ళు తియ్యగా ఉంటాయటండీ" అని చెప్పి వెళ్ళిపోతుంది. లిఫ్టాయన కాసేపు కళ్ళు మూసుకుని, ఆ ఊరికి రెండు మార్కులు కలుపుతాడు. మరో రెండు గంటల తీవ్ర చర్చ తర్వాత సరిగ్గా ఆ ఊరే మొదటి స్థానంలో నిలుస్తుంది.

ఇప్పటికి పందొమ్మిది కుటుంబాలు ఆయన సలహా మీద స్థిరపడి సుఖంగా ఉన్నాయి. ఒక్క సలహా కూడా తప్పలేదు. ఆ పందొమ్మిది మంది యజమానులూ, ఎంతో లోతుగా ఆలోచించి తామెలా నిర్ణయం తీసుకున్నారో ఇప్పుడు ఇతరులకు వివరిస్తున్నారు. మీరుంటున్న ఊరిని మీరెలా ఎంచుకున్నారో కూడా మాకు తెలుసుకోవాలని ఉంది. మీరు శ్రమ తీసుకోకండి, మేం వంటింట్లోకి వెళ్ళి కనుక్కుంటాం.