సంచిలో గది

పంపుసెట్ల కంపెనీ స్టోర్సులో ఆయన్ని అందరూ మెట్లాయన అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆయన బల్ల మెట్ల కిందే ఉంది మరి. పైన ఎవరు నడిచినా ఆ చప్పుడు ఆయన నెత్తిమీదే. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు తిట్లు తిని దిగుతున్నారో తలెత్తకుండా చెప్పగలడు. కానీ గది ఉన్న ఆఫీసర్లను చూస్తే మాత్రం ఆయన ప్రాణం ఉసూరుమనేది.

ఇంట్లో మాత్రం ఆయనకొక గది ఉంది. వెనక గది. అందులో పంతొమ్మిది పాత రేడియోలు. ఒక్కటీ నోరు విప్పదు. ఆదివారం వచ్చిందంటే స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ గదిలో దూరి, సాయంత్రానికి నాలుగు స్క్రూలు మిగుల్చుకుని బయటికొచ్చేవాడు.

ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను వంటింటి గుమ్మంలో ఉండేది. ఒక కాలు మిషను మీద, ఒక కన్ను పొయ్యి మీద.

"ఆ గది ఇస్తే ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని రెండు బడుల ఆర్డర్లు పట్టొచ్చండీ," అని ఏడాదిగా అడుగుతోంది.

"రేడియోలు ఎక్కడికి పోతాయే?"

"మాటా పలుకూ లేనివాటికి గదెందుకండీ?"

"మాట్లాడేవాళ్లతో పడలేకే కదా వాటి దగ్గర కూర్చుంటున్నా."

బడులవాళ్లు ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో రాస్తున్నారని ఆమె మూడు నెలలుగా సాయంత్రం ఆరింటికి లైబ్రరీలో క్లాసుకి వెళ్తోంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఫీజు లేకుండా చెబుతుంది. మెట్లాయన దృష్టిలో అది డబ్బు దండగ కాదు గాని, చెప్పుల దండగ. ఇంగ్లీషుతో ఆయనది ఇరవై రెండేళ్ల కాపురం. స్టోర్సులో ప్రతి అట్టపెట్టె మీదా ఉన్నది ఇంగ్లీషే కదా.

ఒకరోజు ఆమె కూరగాయల సంచి సర్దుతూ, "దేర్ ఈజ్ నో రూమ్ ఇన్ ద బ్యాగ్," అంది.

ఆయన పేపరు దించాడు. "ఏమన్నావ్?"

"సంచిలో చోటు లేదన్నాను."

"రూమ్ అంటే గది. సంచిలో గదేమిటే? బాత్రూమ్ కూడా ఉందా దానికి?"

"చోటుని కూడా రూమే అంటారటండీ. బస్సులో చోటుందా అనడానికీ అదే మాటట."

"బస్సులో గది ఉంటే టిక్కెట్టు అడగరు, అద్దె అడుగుతారు. మీ టీచరమ్మని అట్టపెట్టెలు చదువుకోమను."

ఆమె నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది.

ఆ తర్వాత వారం ఆఫీసులో కొత్త మేనేజరమ్మ అందరి పని మీదా రిపోర్టులు రాసి, కవర్లలో పెట్టి పంచింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. మెట్లాయన కవరు విప్పితే మూడే వాక్యాలున్నాయి. మనిషి మంచివాడు. వేళకి వస్తాడు. మూడో వాక్యం చదివేసరికి ఆయనకి ఒళ్లు ఝల్లుమంది.

"దేర్ ఈజ్ ఎ లాట్ ఆఫ్ రూమ్ ఫర్ ఇంప్రూవ్‌మెంట్ ఇన్ హిజ్ వర్క్."

ఒక్కొక్క మాటా వేలుపెట్టి చదివాడు. రూమ్ అంటే గది. లాట్ ఆఫ్ అన్నారు కాబట్టి పెద్ద గది. ఇంప్రూవ్‌మెంట్ కోసం. అంటే ఆఫీసుని బాగుచెయ్యడానికి ఒక గది పెడుతున్నారు, అది తన పనిలో భాగం. పైన ఎవరో దబదబా మెట్లు దిగారు. మొట్టమొదటిసారి ఆయనకి ఆ చప్పుడు మేళంలా వినిపించింది.

ఇంటికి నడుస్తుండగా ఇంకో ఆలోచన మెరిసింది. ఆఫీసులో పెద్ద గది వచ్చాక ఇంట్లో గదెందుకు? రేడియోలు అక్కడే పెట్టుకోవచ్చు. కానీ ఆ సంగతి భార్యకి చెబితే వెనక గది ఊరికే పోతుంది. చెప్పకుండా త్యాగం చేస్తే బదులుగా ఏమైనా రాబట్టవచ్చు.

ఆ రోజు భోజనం దగ్గర గొంతు బరువు చేసుకుని అన్నాడు, "నీ కష్టం చూడలేకపోతున్నానే. వెనక గది తీసుకో."

ఆమె గరిటె అలాగే పట్టుకుని చూసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

"బంగారంలా ఉంది. గది నీది. కాకపోతే ఆదివారం కూరగాయలు తేవడం, బట్టలు ఆరెయ్యడం, ఇస్త్రీ, ఈ మూడూ ఇకమీదట నేను చెయ్యను."

"ఆలోచించి రేపు చెబుతాను."

పొద్దున్న ఆయన చొక్కా నానబెట్టబోతూ ఆమె జేబు తడిమింది. మడతపెట్టిన రిపోర్టు చేతికొచ్చింది. మూడో వాక్యం కింద పెన్సిలుతో రెండు గీతలు. పక్కన ఆయన చేతిరాతే: "పది అడుగులా, పన్నెండా? కర్టెను. బోర్డు. రేడియోలు పంతొమ్మిదీ పడతాయి."

ఆమె రెండుసార్లు చదివింది. మొదటిసారి భర్త మీద జాలి కలిగింది. పిలిచి చెప్పేద్దామనుకుంది. రెండోసారి చదివాక బస్సులో అద్దె సంగతి గుర్తొచ్చింది. కాగితం మళ్లీ మడిచి, ఉతికిన చొక్కా జేబులో పెట్టేసింది.

"నాకు ఇష్టమేనండీ," అంది కాఫీ ఇస్తూ. "కానీ కాగితం మీద రాయాలి. గది మళ్లీ అడగకూడదు. అడిగారా, ఆ మూడు పనులూ మళ్లీ మీవే."

"అడిగితే నాలుగు చేస్తా," అన్నాడు ఆయన ధీమాగా.

"అయితే నాలుగోది మంచినీళ్లు పట్టడం. అదీ రాయండి."

రాశాడు. సంతకం పెట్టాడు. సాక్షి సంతకం బావమరిది చేశాడు. ఆ బావమరిది వడ్రంగి. మెట్లాయన అతణ్ని పెరట్లోకి లాక్కెళ్లి, "మీ అక్కకి చెప్పకు," అంటూ ఒక బోర్డు పురమాయించాడు: "స్టోర్సు అధికారి. తలుపు తట్టి లోపలికి రావలెను."

"ఏ తలుపు బావగారూ?"

"ముందు బోర్డు ఉంటే తలుపు అదే వస్తుంది. సోమవారం పదకొండింటికి రేడియోలు తోపుడుబండి మీద ఆఫీసుకి తీసుకురా."

సోమవారం మెట్లాయన చంకలో బోర్డు, భుజాన నీలం కర్టెను, చేతిలో కొలతల టేపుతో ఆఫీసుకి వచ్చాడు. హాల్లో ఖాళీ గది రెండోదా మూడోదా అని ఆరా తీస్తూ, చివరికి సామాన్ల గది తలుపు కొలుస్తూ మేనేజరమ్మ కంటపడ్డాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"మీరిచ్చిన గది ఏదో తెలియక, అన్నీ కొలుస్తున్నానండీ."

"నేను గది ఇచ్చానా?"

ఆయన జేబులోంచి రిపోర్టు తీసి వాక్యం చూపించాడు. ఆవిడ చదివింది. కర్టెను వైపు చూసింది. బోర్డు చదివింది. మళ్లీ రిపోర్టు చూసింది.

"ఇక్కడ రూమ్ అంటే గది కాదండీ. చోటు, ఆస్కారం. మీ పనిలో బాగుపడాల్సింది చాలా ఉందని రాశాను. వాల్వులు వాషర్ల పెట్టెలో ఉంటున్నాయి, వాషర్లు ఎక్కడుంటున్నాయో ఎవరికీ తెలియడం లేదు."

మెట్లాయనకి నేల మీదున్న ప్రతి పలకా విడివిడిగా కనబడింది. సరిగ్గా అప్పుడే బావమరిది తోపుడుబండి గేటు దాటించి వరండాలోకి ఎక్కించాడు. గుమ్మం దగ్గర బండి ఎగిరిపడింది. ఏళ్ల తరబడి మూగనోము పట్టిన బ్యాటరీ రేడియోల్లో ఒకటి, లోపల ఏ తీగ ఏ తీగకి తగిలిందో, హాలంతా దద్దరిల్లేలా మొదలుపెట్టింది: "రాగల ఇరవై నాలుగు గంటల్లో ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది."

ముప్ఫైమంది లేచి నిలబడ్డారు. దాని గొంతు తగ్గించే బొత్తాం ఆయన ఏ ఆదివారమో ఊడదీసి పోగొట్టాడు. చివరికి కర్టెను చుట్టి దాని మీద కూర్చున్నాడు. కింద నుంచి గాలుల వేగం సన్నగా వినిపిస్తూనే ఉంది.

మేనేజరమ్మ నవ్వింది. కుర్చీ పట్టుకుని, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. ఆవిడకి నవ్వొచ్చని ఆఫీసుకి ఆ రోజే తెలిసింది.

"వాల్వులు సర్దండి. వారంలో సర్దగలిగితే మీ బల్ల కిటికీ పక్కకి వేయిస్తాను," అంది.

సాయంత్రం బండి వెనకే ఇంటికొచ్చాడు. వెనక గదికి వెల్ల వేసి ఉంది. మిషను కిటికీ దగ్గర చేరింది. ఇద్దరాడవాళ్లు చాప మీద కూర్చుని కాలర్లు కత్తిరిస్తున్నారు. వెలుతురులో కూర్చుని కుడుతున్న భార్య ముఖం చూసి ఆయన తిట్టాలనుకున్నది మర్చిపోయాడు.

"ఆ రిపోర్టు సంగతి నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు. రూమ్ అంటే గదేనని నాకు చెప్పింది మీరే కదండీ. మిమ్మల్ని కాదని టీచరమ్మ మాట ఎలా నమ్ముతాను?"

ఆయన గుమ్మంలో రేడియోతో నిలబడి, మెల్లిగా అన్నాడు, "ఆ మూల కాస్త గది ఇవ్వవే, వీటిని సర్దుకుంటాను."

మిషను ఆగింది. "ఇప్పుడు గది అడిగారా?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. చాప మీది ఇద్దరూ సాక్ష్యానికి సిద్ధంగా తలలూపారు. మర్నాటి నుంచి కూరగాయలు, బట్టలు, ఇస్త్రీ, మంచినీళ్లు, నాలుగూ ఆయనవే అయ్యాయి. పద్దెనిమిది రేడియోలు బావమరిది పాతసామాన్లవాడికి చేర్చాడు. మాట్లాడేది మాత్రం కుట్టేవాళ్లకి తోడుగా గదిలోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండా మెట్లాయన వాల్వుల్నీ వాషర్లనీ విడదీశాడు. బల్ల కిటికీ పక్కకి చేరింది. అదే రోజు సాయంత్రం ఆరింటికి, కొత్త నోటుపుస్తకం పట్టుకుని, భార్య వెనకే లైబ్రరీకి వెళ్లాడు.

కొత్తగా చేరినవాళ్లు ఎందుకు చేరారో చెప్పాలని టీచరమ్మ అడిగింది. ఒకాయన ఉద్యోగం కోసమన్నాడు. ఒకమ్మాయి పైచదువు కోసమంది. మెట్లాయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో ఒక గది పోయిందండీ. దానికోసం వచ్చాను."

"దొరుకుతుందంటారా?"

"గది దొరకదండీ. అర్థం దొరికితే చాలు."

అందరికంటే ముందు మూడో బెంచీలోంచి ఆయన భార్య నవ్వింది. తర్వాత క్లాసంతా నవ్వింది. ఇక తప్పదని ఆయనా నవ్వి కూర్చున్నాడు.