అలియాబాద్ సున్నాల కేసు

"లోకంలో నేరాలు రెండే రకాలు కామేశ్వరీ! నేను ఛేదించినవి, నేనింకా చెయ్యి పెట్టనివి!" అని ప్రకటించి, రఘునందనరావు భూతద్దంలోంచి ఉప్మాని పరీక్షగా చూశాడు.

ఉప్మాలో జీడిపప్పు తగ్గింది. అది నేరమో, పొదుపో ఆయన ఇంకా తేల్చుకోలేదు.

కామేశ్వరి ఇంకో గరిటె ఉప్మా వడ్డించింది. ఆయన స్టోర్స్ ఆఫీసరుగా రిటైరై, షామీర్‌పేట దాటాక అలియాబాద్ పక్కన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని, గేటుకి "రఘునందన్, ప్రైవేట్ డిటెక్టివ్" అని ఇత్తడి పలక కొట్టించిన రోజునుంచీ ఆవిడకు మనశ్శాంతి కరువైంది. మొదటి కేసులో పోయిన పేపరు ఆయన కుర్చీలోనే, ఆయన కిందే దొరికింది. రెండో కేసులో పాలలో నీళ్ళెవరు కలుపుతున్నారో కనిపెట్టడానికి బర్రెను మూడు రోజులు వెంబడించాడు. బర్రె నిర్దోషి అని తేలింది. ఆయన నడుము మాత్రం పట్టేసింది.

కానీ ఆవేళ కామేశ్వరికి నిజంగానే ఒక బాధ ఉంది. ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఒక ట్రస్టు వాళ్ళు అడిగితే, ఏడాదిగా అలియాబాద్ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతోంది. మధ్యాహ్నం రెండు గంటలు. కుట్టుమిషను పెట్టుకున్న సఫూరా, ఆమె కోడలు నౌరీన్, కూరగాయలు పండించే శివమ్మ, ఇంకో ఆరుగురు. మొదట్లో పరీక్ష పెడితే అందరికీ మంచి మార్కులొచ్చాయి. ఉగాది తర్వాత ఏం దిష్టి తగిలిందో, వరసగా రెండు పరీక్షల్లో తొమ్మిదిమందికీ సున్నాలే.

"సిడీలో రైల్వే క్లర్కు టికెట్ ధర చెప్తాడు. అది విని సరైన జవాబు దగ్గర టిక్కు పెట్టాలి. మందు సీసా మీద రాసింది చదవాలి. బొమ్మ చూసి పేరు గుర్తుపట్టాలి. ఇంతేనండీ పరీక్ష! నిచ్చెన బొమ్మ కింద 'ఆవు' అని గీశారు తొమ్మిదిమందీ!" కామేశ్వరి కాగితాల కట్ట బల్లమీద పడేసింది. "ఎల్లుండి ట్రస్టునుంచి లిఖిత అనే అమ్మాయి వచ్చి ఆఖరి పరీక్ష పెడుతుంది. సగంమందైనా పాసవకపోతే క్లాసు మూసేస్తారట. నాకు చెప్పడం చేతకాలేదండీ. ముసలిదాన్నైపోయాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. రఘునందనరావు ఉప్మా పక్కన పెట్టేశాడు. భార్య ఏడిస్తే ఆయన చూడలేడు. కేసు కనబడితే ఆగలేడు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఒక్కో ప్రశ్నకి ఎన్ని జవాబులిస్తారు?"

"నాలుగు. అందులో ఒకటి ఒప్పు."

"మొత్తం ఇరవై ప్రశ్నలు. కళ్ళు మూసుకుని గీసినా నాలుగైదు తగలాలి. ఒక్కటీ తగల్లేదంటే..." ఆయన లేచి నిలబడ్డాడు. కామేశ్వరి ఆశగా తలెత్తింది. ఈ మనిషికి ఇవాళ నిజంగా బుర్ర వెలిగినట్టుంది. "అంటే చాయ్‌లో మత్తుమందు!"

ఆరిపోయింది.

క్లాసుకి రోజూ చాయ్ తెచ్చేది హాలు ఎదుట హోటలు నడిపే అజర్. మధ్యాహ్నం రఘునందనరావు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి, మత్తు ఎప్పుడొస్తుందో చూద్దామని వరసబెట్టి చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

"క్యా సాబ్, తబియత్ గిట్ల బాగలేదా? గిన్ని చాయ్‌లు తాగుతున్రు?" అన్నాడు అజర్.

"నేరస్థుడు ఎప్పుడూ కుశలమే అడుగుతాడు," అన్నాడు రఘునందనరావు గంభీరంగా.

మత్తు రాలేదు సరికదా, ఉన్న నిద్ర కూడా పారిపోయింది. తెల్లవార్లూ పక్కమీద గుడ్లప్పగించి పడుకుని, అజర్ నిర్దోషి అని తీర్పిచ్చాడు. మర్నాడు పొద్దున్నే సఫూరా ఇంటికి వెళ్ళి విచారణ మొదలుపెట్టాడు.

"పరీక్ష జరిగిన మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"పరీక్షల ఉన్న సార్."

"సాక్షి ఎవరు?"

"మీ బీబీనే!" సఫూరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల నౌరీన్ నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది.

ఆ గిన్నె చప్పుడులో ఏదో రహస్యం ఉందని ఆయనకు అనుమానమొచ్చింది. దారి పొడుగునా ఆలోచించినా ఏం రహస్యమో తెలియలేదు.

"దోషులు చాలా ముదుర్లు," అన్నాడు ఇంటికొచ్చి. "రేపు పరీక్ష జరుగుతున్నప్పుడు రహస్య నిఘా పెడతాను. గాలికి కూడా తెలియకుండా!"

"మీరు కాలనీ దాటి రాకపోతే అదే నాకు పెద్ద సాయం," అంది కామేశ్వరి.

పరీక్ష రోజు వచ్చింది. రెండువేల పన్నెండు ఎండాకాలం. కరెంటు ఎప్పుడొస్తుందో పోతుందో ఆ దేవుడికే తెలియని రోజులు. లిఖిత అల్వాల్‌నుంచి స్కూటీ మీద వచ్చి, చెమటలు తుడుచుకుంటూ కాగితాలు పంచింది. పాతికేళ్ళ పిల్ల, మర్యాదగా ఉంది కానీ మొహంలో దయాదాక్షిణ్యాలేవీ కనబడలేదు. కామేశ్వరి మూల కుర్చీలో కూర్చుని, వెంకన్నకు ఒకటి, ఆంజనేయుడికి ఒకటి మొక్కులు మొక్కుకుంది.

సిడీ మొదలైంది. రైలు కూత వినబడింది. క్లర్కు "గుడ్ మార్నింగ్" అన్నాడు. కరెంటు పోయింది.

హాల్లో ఫ్యాన్లు ఆగాయి. అప్పుడు పైన వెంటిలేటర్‌లోంచి, ఆకాశవాణి పలికినట్టు, ఒక గొంతు వినిపించింది.

"కైండ్లీ నోట్! ది అండర్‌సైన్డ్ ఈజ్ ఇన్ గ్రేవ్ డేంజర్!"

లిఖిత సిడీ ప్లేయర్ వైపు అనుమానంగా చూసింది. కామేశ్వరి కుర్చీలోంచి లేచింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడకు చెప్పాలా! ఆయనకు కోపమొస్తే ఇంగ్లీషు వస్తుంది. భయమేస్తే ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు వస్తుంది. ప్రాణం మీదికొచ్చినా తెలుగు మాత్రం రాదు.

జరిగిందేమిటంటే, హాలుకి సున్నాలేస్తున్న పరమేశ్ నిచ్చెన కనబడగానే మన అపరాధ పరిశోధకుడు దానిమీంచి కిటికీ సజ్జ మీదికి ఎక్కాడు. పైన మనిషి ఉన్నాడని తెలియని పరమేశ్ నిచ్చెన తీసుకుని వెనక గోడకి పోయాడు. రఘునందనరావు లోపలికి తొంగిచూద్దామని వెంటిలేటర్‌లో తల పెట్టబోతే, అక్కడ అంతకు ముందునుంచే కందిరీగలు కాపురముంటున్నాయి.

"కింద సంతకం పెట్టినాయన మస్తు ఆపదల ఉన్నడంట!" అని సఫూరా పెన్ను పారేసి లేచింది.

అందరూ బయటికి పరుగెత్తారు. సజ్జ మీద రఘునందనరావు ఒంటికాలిమీద తాండవం చేస్తూ, ఇంగ్లీషులో పుంఖానుపుంఖాలుగా ఉత్తర్వులు జారీ చేస్తున్నాడు. కామేశ్వరికి కంగారులో ఒక్క ముక్క అర్థంకాలేదు. ఎదురుగా నీలం రంగు నీళ్ళ డ్రమ్ము కనబడింది. ఆయన కాలు పెట్టి దిగడానికి దాన్ని తోసుకురావాలని పరుగెత్తింది.

శివమ్మ ఆవిడ రెక్క పట్టుకు ఆపింది. "డ్రమ్ము ముట్టొద్దంటుండు మేడం! దాని ఎన్క గోనె సంచులున్నయంట, గవ్వి తడిపి పైకి ఇసరమంటుండు. చిన్న నిచ్చెన వద్దంట, అది ఇరిగిందంట. ఎనుక గోడకున్న పొడుగుది తెమ్మంటుండు. జల్దీ నడువుండ్రి!"

"'ఇమ్మీడియట్లీ అండ్ వితౌట్ ఫర్దర్ డిలే' అంటుండు," అని గుర్తుచేసింది సఫూరా, సంచి నీళ్ళలో ముంచుతూ.

తడిసిన గోనెలు పైకి ఎగిరాయి. ఒకటి కందిరీగలకు తగిలింది, రెండు డిటెక్టివ్‌కి తగిలాయి. పొడుగు నిచ్చెన వచ్చింది. ఆయన దాని మీంచి సగం దిగి, సగం పడి, మొత్తానికి భూమ్మీదికి చేరాడు. పెదవులు గారెల్లా ఉబ్బాయి. ఒక కన్ను మూసుకుపోయింది.

"జర గిది రాయుండ్రి, మంట గుంజేస్తది," అని పరమేశ్ ఒక డబ్బా తెచ్చాడు. నౌరీన్ చప్పున లాక్కుని, దాని మీది చిన్నక్షరాలు వేలు పెట్టి చదివింది.

"ఆగు భయ్యా! గిది రంగుల కలిపే థిన్నరు. ఒంటికి తగల్నీయొద్దు, తగిల్తే సబ్బు నీళ్ళతోని కడగాలె, డాక్టర్ దగ్గరికి పోవాలె అని ఉంది ఈడ."

లిఖిత నోరు తెరుచుకుని చూస్తోంది. "బీస్?" అంది నెమ్మదిగా, తుట్టె వైపు చూపిస్తూ.

"బీస్ గావు మేడం, వాస్ప్స్," అంది శివమ్మ. "తేనెటీగ కుడితె ముల్లు ఇడిసిపోతది. సార్‌కు ఒక్క ముల్లు గూడ లేదు, సూడుండ్రి."

అలా అన్నాక శివమ్మ నాలిక కరుచుకుంది. సఫూరా తల దించుకుంది. మిగతా వాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. కామేశ్వరికి అప్పుడు తట్టింది. గుడ్డిగా గీసినా నాలుగైదు తగలాలని ఆయన అననే అన్నాడు. ఒక్కటి కూడా తగలకుండా రాయాలంటే ఇరవైకి ఇరవై జవాబులూ తెలిసుండాలి!

"నిచ్చెన కింద ఆవు అని గీసింది మీరేనా?" అంది. ఆవిడకు కోపం ముంచుకొచ్చింది. "నాకు చదువు చెప్పడం రాదని రాత్రిళ్ళు ఎంత ఏడ్చానో తెలుసా? ఎందుకిలా చేశారు సఫూరా? నేనేం పాపం చేశాను మీకు?"

సఫూరా కళ్ళు నిండిపోయాయి. "గట్లనకుండ్రి మేడం. మాకు మీరంటే పాణం. కౌకూర్ ఊర్ల మా చెల్లె గిట్లనే చదివింది. అందరు పాసైండ్రు, కాయితాలిచ్చిండ్రు, లడ్డూలు పంచిండ్రు. తెల్లారిపోయి చూస్తె క్లాసుకు తాళం. మాది గూడ గట్లనే అయితదని భయపడ్డం."

"అందుకని ఫెయిలవుతారా?"

"ఇస్కూల్ల ఫెయిలైనోళ్ళను మల్ల గదే క్లాసుల కూసోబెడ్తరు గద మేడం? మేము గూడ మల్ల మీ దగ్గర్నే కూసుంటమనుకున్నం." సఫూరా కొంగుతో మొహం తుడుచుకుంది. "పొద్దున లేస్తె మిషను, పొయ్యి. అందరు 'అమ్మీ' అనేటోళ్ళే, 'ఓ సఫూరా' అని పిలిచేటోళ్ళు ఎవ్వరు లేరు. ఈడ మీరు పేరు పెట్టి పిలుస్తరు. గీ రెండు గంటలు పోతయంటె నాకు మనసొప్పలే."

కామేశ్వరి కోపం ఎటుపోయిందో తెలియదు. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లిఖిత గొంతు సవరించుకుంది. "కౌకూర్ క్లాసు ఆగలేదండీ. వాళ్ళంతా పాసయ్యారని రెండో మెట్టు మొదలుపెట్టాం. అల్వాల్‌లో పెద్ద గది దొరికితే అక్కడికి మార్చాం. మీరు పాసైతేనే క్లాసు ఇంకో ఏడాది నడుస్తుంది. ఫెయిలైతేనే తాళం."



"మా చెల్లె ఆ తాళం చూసి ఏడ్చుకుంట మల్లొచ్చింది, ఎవ్వర్నీ అడుగలే!" అంది సఫూరా.

"గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గదమ్మా!" అని శివమ్మ లిఖిత వైపు చూసి నెత్తి కొట్టుకుంది. "ఉత్తపున్నానికి నిచ్చెనను ఆవని గీస్తిమి!"

"ఖేఫు... ఫేదించాను!" అని వెనకనుంచి ఒక ప్రకటన వెలువడింది. రఘునందనరావు అజర్ హోటలునుంచి తెచ్చిన ఐసుముక్క పెదవులకు అద్దుకుంటూ ఛాతీ విరుచుకున్నాడు. "అంతా... నా ఫథకమే!"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికెవడో. కామేశ్వరి ఆయనకు కుర్చీ వేసింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మొగుడు పనికొచ్చాడు, అది ఎలాగైతేనేం.

ఇక పరీక్ష ముగించాలి. కరెంటు రాలేదు. సిడీలో మాటలు ఎవరైనా పైకి చదవాలి. టీచరు చదవకూడదు, పరీక్ష పెట్టేవాళ్ళూ చదవకూడదని ట్రస్టు నిబంధన. ఆ ఊళ్ళో, ఆ వేళ, ఇంగ్లీషు గడగడా చదవగల మూడో మనిషి ఒక్కడే ఉన్నాడు.

రఘునందనరావు కాగితం అందుకుని, ఉన్న ఒక్క కన్ను దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాడు. టికెట్ కొనే ఆవిడా, క్లర్కూ ఇద్దరూ కుడితి తాగుతూ మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. లిఖితకు ఒక్క ముక్క అర్థంకాలేదు. కామేశ్వరికి సగమే అర్థమైంది. ఆడవాళ్ళు మాత్రం తలలు వంచి టకటకా గీసుకుంటూ పోయారు.

లిఖిత అక్కడికక్కడే దిద్దింది. మొదటి కాగితం పందొమ్మిది. రెండోది పందొమ్మిది. మూడోది చూసి కళ్ళజోడు సరిచేసుకుంది. తొమ్మిది కాగితాల్లోనూ పందొమ్మిదే. తలా ఒకటి తప్పు, ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న.

"పాసు! అందరూ పాసు!" అంది కామేశ్వరి ఎగిరి గంతేసినంత పని చేసి. మళ్ళీ ఆగింది. ఇరవై ఏళ్ళు పేపర్లు దిద్దిన కళ్ళు అవి. "ఏయ్ శివమ్మా, ఇలా చూడు. ఇది నీకు తెలియదా? ఇది నౌరీన్‌కి తెలియదా? మళ్ళీ ఇదేమిటి?"

తొమ్మిదిమందీ సఫూరా వైపు చూశారు. సఫూరా సిగ్గుపడుతూ ముందుకొచ్చింది.

"ఒక్కటన్న రాకుంట మిగలాలె గద మేడం. మొత్తం వచ్చేసినయంటె, మల్ల మీరు మా దిక్కు ఎందుకొస్తరు?"