పద్నాలుగో తారీఖు ముక్కు

ఆ ఉదయం డాక్టర్ హేరిమ్ వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. తొమ్మిదింటికి పేషెంటు వస్తాడు. తొమ్మిదిన్నరకి ముక్కు తగిలిస్తుంది. మూడింటికి పరీక్ష. నాలుగింటికి బూసాన్ స్టేషన్ ఎదురుగా ఓ గిన్నెడు పందిమాంసం పులుసన్నం, ఆ తర్వాత రెండు రోజులు నిద్ర.

పళ్ళ డాక్టరైన హేరిమ్ రెండేళ్లుగా ముఖం ఎముకల్లో టైటానియం మరలు బిగించి, వాటి మీద అయస్కాంతాలతో సిలికాన్ ముక్కులూ చెవులూ నిలబెట్టే విద్య నేర్చుకుంటోంది. మిగిలింది ఆఖరి పరీక్ష. తను చేసిన అవయవాన్ని పేషెంటుకి పెట్టి చూపించాలి. పరీక్షాధికారి మీటరు దూరంలో నిలబడి అతుకు కోసం వెతుకుతాడు. కనబడిందా, ఫెయిల్. కిందటేడు ఆమె చేసిన చెవికి అతుకు కనబడింది. ఈసారీ కనబడితే శిక్షణ నుంచి పేరు కొట్టేస్తారు.

పేషెంటు గాప్సుకి అరవై మూడేళ్లు. చేపల మార్కెట్లో ముప్పై ఏళ్లు వేలం పాడిన మనిషి. రెండేళ్ల క్రితం క్యాన్సర్ ముక్కును తినేసింది. అప్పట్నుంచీ మాస్కు తీయలేదు. వచ్చేవారం చుసోక్ పండగ. ఇంటికి పెద్దకొడుకుగా ముప్పై మంది బంధువుల ముందు నిలబడి పితృదేవతలకి నైవేద్యం పెట్టాలి. రెండు పండగలు మాస్కుతో కానిచ్చాడు.

"ఈసారి ముఖంతో పెడతానని పోయిన మా నాన్నకి మాటిచ్చాను డాక్టరమ్మా," అంటూ కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే భార్య మాల్సున్ ఒళ్లో చేతిసంచీతో, పోలీసు ఇన్‌స్పెక్టరులా కూర్చుంది.

హేరిమ్ డబ్బా తెరిచి ముక్కును దగ్గరకు తీసుకెళ్లింది. టక్‌మని అతుక్కుంది. అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. ఆకారం అద్భుతం. ఒక్కటే చిక్కు. ముఖం ఉడికించిన అన్నం రంగులో ఉంది. ముక్కు పండిన పర్సిమన్ పండులా ఎర్రగా ఉంది.

"అదేంటమ్మా, ముక్కుకి జ్వరమొచ్చిందా?" అంది మాల్సున్.

హేరిమ్ డబ్బా మీద పేరు మళ్లీ చదివింది, గాప్సుదే. రంగు ఆమే స్వయంగా కలిపింది. పద్నాలుగో తారీఖున ఇతని చెంప పక్కన పెట్టుకుని, సిలికాన్‌లో రక్తనాళాల్లా కనబడే ఎర్ర నూలుపోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది. తేడా వచ్చే అవకాశమే లేదు.

మాల్సున్ మంచినీళ్ల కోసం బయటికి వెళ్లగానే గాప్సు ముందుకు వంగాడు.

"డాక్టరమ్మా, ఆ పద్నాలుగున... నేను ఎండలో గడ్డి కోసి వచ్చానన్నాను చూడండి."

"అవును. పండగకి ముందు మీ పెద్దల సమాధుల మీద గడ్డి కోసొచ్చానన్నారు."

"గడ్డి కోయడానికి మనిషిని పెట్టాను. నేను మార్కెట్లో పాత దోస్తులతో కూర్చున్నాను. రెండు సీసాలు. ఒక్క చుక్క పడినా నా ముఖం ఎర్రబడుతుంది, మా వంశమే అంత. ఆపరేషన్ అయ్యాక మందు ముట్టనని మా నాన్న మీద మా ఆవిడకి ఒట్టేశాను. చెప్పకండేం!"

హేరిమ్ కళ్ళు మూసుకుంది. రంగు రెండు వేర్వేరు రోజుల్లో చూడాలని నియమం. రెండో రోజు ఇతను పని ఉందన్నాడు. పెద్దమనిషిని మళ్లీ మళ్లీ రమ్మనడం ఏం బాగుంటుందని ఆమె ఊరుకుంది. ఇప్పుడు చూస్తే, ఆమె ముక్కు చేసింది గాప్సుకి కాదు, రెండు సీసాల తర్వాతి గాప్సుకి.

ల్యాబు టెక్నీషియన్ ప్యో పాతికేళ్లుగా ముక్కులు వండుతున్నాడు. ఫోనులో విని, పరుగున వచ్చి చూసి, తల గోక్కున్నాడు.

"ఇంకోటి చెయ్యాలంటే రేపటికి గానీ అవదమ్మాయ్. ముక్కుని ముఖానికి సరిపెట్టలేం. ముఖాన్నే ముక్కుకి సరిపెట్టాలి."

ముందు వేడి తువ్వాలు కప్పారు. చెంపలు ఎర్రబడ్డాయి, నుదురు తెల్లగానే ఉంది. మూడు నిమిషాల్లో చెంపలు కూడా మాట తప్పాయి. తర్వాత ప్యో ఆయన్ని ఏడంతస్తుల మెట్లు ఎక్కించాడు. పైకి చేరేసరికి ముఖం వంకాయ రంగు తేలింది.

"దాటిపోయింది. రెండంతస్తులు దించండి," అన్నాడు ప్యో.

"నన్ను చంపేస్తే ముక్కు ఎవడికి పెడతారయ్యా?" అని గాప్సు మెట్ల మీద కూలబడ్డాడు.

నీళ్లసీసాతో వచ్చిన మాల్సున్ మొగుడి వాలకం చూసింది. "ఏం చేస్తున్నారు మా ఆయన్ని?"

"రక్తప్రసరణ పరీక్షండీ," అంది హేరిమ్. అబద్ధం చెప్పడం అలవాటు లేక ఆమె ముఖమే ఎర్రబడింది. ప్యో ఆశగా అటు చూశాడు గానీ, ముక్కు ఆమెకి సరిపోదు.

మాల్సున్ భర్త ముక్కును తేరిపార చూసింది. పెదాలు బిగించింది. "నాకర్థమైంది," అని లిఫ్టులోకి వెళ్లిపోయింది.

ఆమెకి ఏం అర్థమైందో పది నిమిషాల తర్వాత తెలిసింది. పరీక్షాధికారి ప్రొఫెసర్ నామ్‌గుంగ్ గదిలోంచి ఆమె గొంతు నడవా చివరిదాకా వినబడింది.

"ఇది మా ఆయన ముక్కు కాదు! ఎవరో తాగుబోతుది! డబ్బాలు తారుమారు చేసి, మెట్లెక్కించి నన్ను మభ్యపెడుతున్నారు! మా ఆయన ముక్కు పెట్టుకుని ఆ తాగుబోతు ఎక్కడ తిరుగుతున్నాడో కనుక్కోండి!"

అవయవాలు తారుమారవడమంటే ఆస్పత్రికి చిన్న నింద కాదు. నామ్‌గుంగ్ కళ్ళజోడు సర్దుకుని లేచాడు. "మూడింటిదాకా ఆగక్కర్లేదు. పరీక్ష ఇప్పుడే. అల్మారాలో ఉన్న ముక్కులన్నీ తీసుకురండి."

పరీక్ష గదిలో నాలుగు ముక్కులు వరసగా పెట్టారు. ఒక్కొక్కటే గాప్సు ముఖానికి ఆనించారు. ఒకటి జారిపోయింది. ఒకటి ఎవరో పెద్దావిడది. ఇంకోటి పక్కకు తిరిగింది. టక్‌మన్నది ఎర్రముక్కు ఒక్కటే.

"ముక్కు ఈయనదేనమ్మా," అన్నాడు నామ్‌గుంగ్. "రంగు సంగతే తేలాలి. డాక్టర్ హేరిమ్, ఏం జరిగింది?"

పేషెంటు రహస్యం బయటపెట్టకూడదు. పరీక్షాధికారికి అబద్ధమూ చెప్పకూడదు. హేరిమ్ తన వంతు వరకే చెప్పింది.

"రంగు ఒక్కరోజే చూశాను సార్. రెండో రోజు చూడలేదు. తప్పు నాది."

"ఆ ఒక్కరోజు ఫోటో ఉండాలే," అంటూ ఆయన గాప్సు కేసు ఫైలు తెరిచి ఫోటోని తెర మీద పెట్టాడు. రంగులు పోల్చే పట్టీ పక్కన గాప్సు ముఖం, దివ్యంగా వెలిగిపోతూ. కింద తేదీ, పద్నాలుగు. సాయంత్రం అయిదు.

మాల్సున్ ఫోటో చూసింది. ముక్కు చూసింది. మొగుణ్ణి చూసింది.

"పద్నాలుగున నువ్వు గడ్డి కోస్తున్నావు కదయ్యా?"

"కోశానే. ఎండకి అలా..."

"ఆ రోజు పొద్దుట్నించీ ఆగి ఆగి వాన. ఆరేసిన బట్టలు మూడుసార్లు లోపల వేశాను."

హేరిమ్ ఉలిక్కిపడింది. ఆమె పనిచేసేది నేలమాళిగలో. అక్కడ కిటికీ లేదు, వాన సంగతి ఆమెకి తెలియనే లేదు.

"మీ నాన్న సమాధి పేరు చెప్పి తాగొచ్చావా? ఆయన మీద ఒట్టేసి! మరి ఆయన గడ్డి ఎవరు కోశారు, కూలి మనిషేనా?"

అప్పుడు మొదలైంది. గాప్సు మెడ దగ్గర పుట్టిన ఎరుపు గడ్డం మీదుగా చెంపలకి పాకి, కణతలు దాటి, నుదుటిని నింపి, చెవులదాకా వెళ్లి ఆగింది. ముక్కు కనబడలేదు. అంటే, ముక్కు ఉంది, అది ఎక్కడ మొదలైందో కనబడలేదు.

నామ్‌గుంగ్ మీటరు దూరంలో నిలబడ్డాడు. అరమీటరుకి జరిగాడు. దీపం తెప్పించాడు. మాల్సున్ కళ్ళు తిప్పలేదు కాబట్టి ఎరుపు కూడా తగ్గలేదు.

"అతుకు లేదు," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్లలో ఇలాంటి అంచు చూడలేదు. రెండో రోజు చూడనందుకు, ఈయన మామూలు రంగులో పండగలోపు ఇంకో ముక్కు చెయ్యి. అది చూశాకే సంతకం."

నాలుగు రోజుల తర్వాత, రంగు రెండుసార్లు చూసి చేసిన రెండో ముక్కు పక్కన మొదటిదీ పెట్టింది హేరిమ్. నామ్‌గుంగ్ అప్పటికే సంతకం పెట్టేశాడు.

"రెండూ ఇవ్వండి డాక్టరమ్మా," అన్నాడు గాప్సు ఆశగా. "పండగనాడు పెద్దలకి పోసిన మందు ప్రసాదంగా పుచ్చుకోవాలిగా, అది ఆచారం. అప్పటికి ఎర్రది ఉంటే..."

"పెద్దలకి పోసి, నువ్వు వాసన చూడు," అంది మాల్సున్. "ఇప్పుడు ముక్కుందిగా." ఎర్రముక్కు డబ్బా ఆమె చేతిసంచీలోకి వెళ్లిపోయింది.

చుసోక్ నాటి మధ్యాహ్నం హేరిమ్ ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. ముప్పై మంది బంధువుల నడుమ, మాస్కు లేకుండా, గాప్సు నవ్వుతున్నాడు. ముఖమంతా పర్సిమన్ పండు, ముక్కు మాత్రం అన్నం రంగు. మాట మీద నిలబడింది ముక్కు ఒక్కటే.