పదో నంబరు బూట్లు

నాగరికత అంటే ఏమిటన్న ప్రశ్నకు మా వీధి చివర కడుతున్న పెద్ద భవనం గేటు దగ్గర జవాబు దొరికింది. నాగరికత అంటే బూట్లు. వేళ్ల మీద ఇనుప తొడుగు, అడుగున మేకు దిగని రేకు ఉన్న బూట్లు. అవి లేనివారికి లోపలికి ప్రవేశం లేదని భద్రతాధికారి బోర్డు పాతించారు. (ఆ బోర్డుకు గుంత తవ్విన మనిషి కాళ్లకు ఏమీ లేవు. అప్పటికి బోర్డు లేదు కనుక అది ఉల్లంఘన కాదు.)

బూట్లు వచ్చాయి. అన్నీ పదో నంబరువే. కొనుగోళ్ల విభాగం పెద్ద ఇంజనీరుగారి పాదాన్నే ప్రమాణంగా తీసుకుంది. చేతికందిన పాదాల్లో అదే గౌరవనీయమైనది.

ఇటుకలు మోసే ఆడవాళ్లలో ఒకామెను అందరూ పిచ్చుకక్క అంటారు. మనిషే పీలగా ఉంటుంది, పాదం మరీ చిన్నది. ఆమె కాలు పెట్టాక కూడా ఆ బూటులో ఒక గది అద్దెకివ్వొచ్చు. ఆమెతోపాటే పనిచేసే వదిన వంగి చూసింది.

"ఏమే, నీ కాలేదే?"

"లోపలే ఎక్కడో ఉంది వదినా. దొరికితే చెప్తా."

పిచ్చుకక్క వెళ్లి భద్రతాధికారికి మొరపెట్టుకుంది. "చిన్నవి ఇప్పించండి సార్. నేను ముందు పోతుంటే ఇవి వెనకాల తీరిగ్గా వస్తున్నాయి."

ఆయన విసుక్కోలేదు. "చూడమ్మా, బూట్లు సరిగ్గానే ఉన్నాయి. లోపం నీ పాదాల్లో ఉంది. గుడ్డలు కుక్కుకో."

కుక్కుకుంది. ఇటుకల తట్టతో రెండో అంతస్తు మెట్లెక్కుతుంటే ఒక బూటు జారి, కింద అతిథులకు భవనం చూపిస్తున్న పెద్ద ఇంజనీరుగారి భుజం పక్కగా వెళ్లి సిమెంటు బస్తా మీద పడింది. బూటుకు ఏమీ కాలేదు. మెట్ల మీద కూలబడిన పిచ్చుకక్క మోకాలు చెక్కుకుపోయింది గానీ, మోకాలు పాదరక్షల నిబంధన కిందికి రాదు.

సాయంత్రానికల్లా సవరణ వచ్చింది. చిన్న పాదాలవారు గేటు దగ్గర బూట్లు తొడుక్కుని, ఫోటో దిగి, లోపలికొచ్చాక విప్పి అరలో పెట్టాలి. (పైనుంచి పడే బూట్లు ప్రాణాలకు ముప్పని తేలింది.) రోజూ ఫోటోలు పైవాళ్లకు వెళ్లేవి. పైవాళ్లు బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపేవారు.

శ్లాబు కింది చెక్కలు విప్పిన రోజున, రెండో అంతస్తు అంచున తట్టతో నడుస్తూ, మేకులు పైకి తేలిన ఒక చెక్క మీద పిచ్చుకక్క కాలేసింది. మేకు రబ్బరు చెప్పును దాటి పాదంలోకి దిగింది. ఆమె కేక పెట్టలేదు.

"ముందు తట్ట అందుకో వదినా. కింద మనుషులున్నారు."

వదిన తట్ట దించి, పళ్లు బిగించి చెక్క లాగింది. పుచ్చిన చెక్క ఊడి వచ్చింది. మేకు మాత్రం కాల్లోనే ఉండిపోయింది. పిచ్చుకక్కను వీపున వేసుకుని వదిన గేటు దాటింది. ఆసుపత్రిలో మేకు తీసి, ఎముకకు తగిలిందనీ, చాలాకాలం కాలు కింద పెట్టకూడదనీ చెప్పారు.

వైద్యం సంగతి అడగడానికి వదిన ఆఫీసుకు వెళ్లేసరికి విచారణ పూర్తయిపోయింది.

"బూట్లు లేనివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. అవునా?" అన్నారు భద్రతాధికారి.

"అవును సార్."

"మేకు దిగినప్పుడు ఆమె కాళ్లకు బూట్లున్నాయా?"

"విప్పమన్నది మీరే కదండీ!"

"ఉన్నాయా, లేవా?"

"లేవు."

"అంటే ఆమె లోపల లేదు. లేని మనిషికి మేం వైద్యం ఎలా చేయిస్తాం, చెప్పు?"

వదిన కొంగు ముడి విప్పి, నెత్తురు ఎండిన మేకును బల్ల మీద పెట్టింది.

"మరి ఇదెక్కడిది సార్?"

ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది మాదే," అన్నారు. "సైట్ సామాను బయటి మనిషి కాల్లో పెట్టి గేటు దాటించడం ఎంత నేరమో తెలుసా?"