ఊపిరి పీల్చిన కోడి

ఆ ఆదివారం అమ్మాజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి బయల్దేరేలోపు కోడిని సంచిలో పెట్టి ఓవెన్‌లోకి తోయాలి, మధ్యాహ్నం తీసి ఇంటివారి బల్ల మీద పెట్టాలి. అంతే. కానీ ఆ కోడి మీదే ఆమె బతుకు ఆధారపడి ఉంది. పదకొండేళ్లు కువైట్‌లో ఒక మేడమ్ ఇంట్లో వండి, మూడు నెలల క్రితమే రాజోలు తిరిగొచ్చింది. నెలాఖరుకల్లా మళ్లీ రమ్మని ఆ మేడమ్ రోజూ ఫోన్ చేస్తోంది. ఈ విందు కుదిరితే చర్చి సంఘంలో పదిమందీ రోస్టు కోళ్లు చేయించుకుంటారు, ఇక్కడే ఉండిపోవచ్చు. కుదరకపోతే విమానం ఎక్కాల్సిందే. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు హేమ ఈ విషయంలో నోరెత్తలేదు కానీ, తల్లి పాస్‌పోర్టు ఎక్కడుందో మాత్రం తనకు తెలియదంటోంది.

విందు పురమాయించింది ఇంటి యజమాని యేసురత్నంగారు. రిటైరైన సైన్సు మాస్టారు, సంఘపెద్ద. ఆ రోజు కాకినాడ నుంచి ఒక పాస్టరుగారు వాక్యం చెప్పడానికి వస్తున్నారు. ముందురోజు అమ్మాజీ చూపించిన పల్చటి సంచిని మాస్టారు వెలుగులోకి ఎత్తి చూసి, వేడికి కరిగిపోదా అని అడిగారు. ఇది కరగని రకమనీ, లోపల చెంచాడు మైదా చల్లి, మసాలా పట్టించిన కోడిని పెట్టి, మూతి కట్టి, పైన నాలుగు గాట్లు పెడితే తన ఆవిరిలో తనే మగ్గుతుందనీ అమ్మాజీ వివరించింది. మాస్టారు దానికి ఇంకో రెండు సూత్రాలు కలిపి తిరిగి ఆమెకే పాఠం చెప్పారు.

అమ్మాజీ అద్దెకున్న వెనకవాటా ఒకప్పుడు మాస్టారి తల్లి సూరమ్మగారి వంటిల్లు. కోడలు ప్రసన్నకుమారి చేత ముప్పయ్యేళ్లపాటు అందులో చిటికెడు ఉప్పు వేయనివ్వలేదావిడ. ఆఖరి రోజుల్లో మంచం కూడా పొయ్యి పక్కనే వేయించుకుంది. ఆయాసం జబ్బు. ఊపిరి బరువుగా లోపలికి పోయేది, కాసేపు ఆగేది, చివర్న సన్నటి ఈలతో బయటికొచ్చేది. ఆ ఈల ఆగిపోయి ఏడాదైనా ఆ వాటాలో చేరడానికి ఎవరూ ముందుకు రాలేదు. కువైట్‌లో మెట్ల కింద గదిలో పడుకున్నదానికి ఇదొక లెక్కా అని అమ్మాజీ చేరిపోయింది.

తొమ్మిదీ పదికి కోడిని లోపల పెట్టి, మీట వేసి, గడియారంలా తనంతట తాను తిరిగే టైమరును రెండు గంటలకు తిప్పింది. కువైట్ నుంచి తెచ్చుకున్న ఆ ఓవెన్ లోపలి బల్బు విమానంలో వస్తూనే పోయింది కాబట్టి ఏమీ వెలగలేదు. కిటికీ రెక్కలు దగ్గరగా వేసి, హేమను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లింది. ప్రసంగం మధ్యలో గుర్తొచ్చింది, సంచికి గాట్లు పెట్టలేదని. అక్కణ్ణుంచి ఒక్క వాక్యం బుర్రకెక్కితే ఒట్టు.

మోకాళ్ల నొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన ప్రసన్నకుమారి పలావుకి ఉల్లిపాయలు తరుగుతోంది. గోడ అవతల ఎవరో ఊపిరి పీల్చారు. చెయ్యి ఆపి వింది. ఏమీ లేదు. తర్వాత ఈల. వీధి కుక్కేమోలే అనుకుని మరో రెండు ఉల్లిపాయలు తరిగింది. మళ్లీ అదే ఊపిరి, అదే ఈల. ముప్పయ్యేళ్లు విన్న చెవి పొరపడదు. పెరట్లోకి వెళ్లి కిటికీ రెక్క తోసి చూసింది. ఆ గది చీకట్లో, ఓవెన్ అద్దం వెనక, పాలిపోయినదేదో మెల్లగా పొంగింది. ఆగింది. కుంగింది. ఆ తర్వాత ఎవరో తృప్తిగా నిట్టూర్చినట్టయింది.

చర్చిలో ముందు బెంచీ మీద మాస్టారి ఫోన్ వణికింది.

"అత్తయ్యగారు వచ్చేరండి," అంది ప్రసన్నకుమారి. "వంటింట్లోనే ఉన్నారు."

మాస్టారు లేచి పాస్టరుగారి చెవిలో చెప్పారు. పాస్టరుగారు ప్రసంగం ఆపి, ఒక ఇంటి కోసం ప్రార్థించమని సంఘాన్ని అడిగారు. ఏ ఇల్లో చెప్పకపోయినా సగం సంఘం ఆయన వెంటే నడిచింది. మలుపు తిరిగేసరికి జనం నోట సూరమ్మగారు పొయ్యి రాజేసింది. వీధిలోకొచ్చేసరికి కోడల్ని జుట్టు పట్టుకుని లాగింది. అందరికంటే వెనక అమ్మాజీ పరిగెడుతోంది, ఆమె భయమల్లా సంచి పగిలిందేమోనని.

పాతిక మంది ఆ చిన్న గదిలో ఓవెన్ ముందు నిలబడ్డారు. లోపల అది పొంగుతోంది, కుంగుతోంది.

"ఆవిరండి. గాట్లు పెట్టడం మర్చిపోయేను," అని అమ్మాజీ బతిమాలింది. "తలుపు తియ్యనివ్వండి, కోడి పాడైపోద్ది."

"చచ్చిన కోడి ఊపిరెలా తీస్తదమ్మా," అన్నారు పాస్టరుగారు ఎంతో మర్యాదగా, ఆమె చెయ్యి పక్కకు జరిపి.

అప్పుడు మాస్టారు మోకరించారు. "అమ్మా, ఆఖర్న కోడికూర అడిగేవు. డాక్టరు వద్దన్నాడని జావ పోసేను. పెట్టాల్సిందమ్మా, ఒక్క ముక్కైనా పెట్టాల్సింది."

పిల్లలకు దయ్యాల్లేవని ముప్పై అయిదేళ్లు చెప్పిన మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఎవరికీ నవ్వు రాలేదు. ప్రసన్నకుమారి కూడా కళ్లు తుడుచుకుంటూ, అత్తగారు పోయిన మూడోరోజే ఆవిడ ఉప్పుజాడీని బయట పెట్టేశానని ఒప్పుకుంది. గోల విని వచ్చిన ఎదురింటి మహాలక్ష్మమ్మ, సూరమ్మ దగ్గర అడిగి పట్టుకెళ్లిన రోకలి ఇంకా తన దగ్గరే ఉందని చెప్పి వెంటనే ఇంటికెళ్లి తెచ్చిచ్చింది. ప్రార్థన సుదీర్ఘంగా సాగింది. ఆమెన్ అనగానే టైమరు టింగుమంది. లోపలున్నది చివరిసారి నిట్టూర్చి కుంగింది. ఈసారి ఈల లేదు.

అమ్మాజీ ఇంక ఎవరి మాటా వినలేదు. తలుపు తీసి, సంచిని కత్తెరతో కోసింది. ఆవిరి గుప్పుమంది, ఎర్రగా మగ్గిన కోడి బయటపడింది. ఒక్కొక్కరే సిగ్గుపడుతూ నవ్వారు. అందరికంటే ముందు తేరుకున్న మాస్టారు ఆవిరి పీడనం గురించి అక్కడే చిన్న పాఠం చెప్పారు.

విందు అద్భుతంగా కుదిరింది. ముక్క ముట్టుకుంటే ఎముక నుంచి జారిపోతోంది. ప్రసన్నకుమారి మాత్రం మొదటి ముద్ద దగ్గరే ఆగింది.

"గసగసాలు నూరి వేసేవా, అమ్మాజీ?"

"లేదండి. మిరియాలూ వెల్లుల్లీ, అంతే."

పాస్టరుగారు రెండో కాలు అందుకుంటున్నారు కాబట్టి ఆ సంగతి అక్కడితో ఆగింది. క్రిస్మస్‌కి ఇరవై కోళ్లు, ఒక పెళ్లికి నలభై అప్పటికప్పుడే ఖాయమయ్యాయి. వడ్డిస్తున్న హేమ మూడు నెలల్లో మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది.

రెండింటికి ఫ్రిజ్ గుర్రుమంది.

"కరెంటొచ్చిందే," అన్నారు మాస్టారు. "పోయిందెప్పుడు?"

"తొమ్మిదింటికేనండి. రెండింటిదాకా లైను పనని గ్రూపులో పెట్టేరండి," అంది హేమ ఫోన్ తెరిచి చూసి. ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతుంటే ఎవరూ గమనించలేదు. ఓవెన్‌కి ఇన్వర్టర్ లైను లేదు.

పాస్టరుగారు చేతిలోని ఎముకను నెమ్మదిగా పళ్లెంలో పెట్టారు. మాస్టారికి ఈసారి ఏ సూత్రమూ తోచలేదు. అమ్మాజీ లేచి వెనకవాటాలోకి వెళ్లింది. సూరమ్మగారు వదిలిపోయిన సన్నికల్లు మూలనే ఉంది. తను ఎన్నడూ ముట్టుకోని ఆ రాయి తడిగా ఉంది, దాని మీద గసగసాల ముద్ద కొంచెం మిగిలి ఉంది. ఆమె దాన్ని వేలితో తీసి వాసన చూసింది. తర్వాత రాయిని కడిగి, బోర్లించి పెట్టింది.

అప్పుడే కువైట్ ఫోన్ మోగింది. ఇక రాలేనని అమ్మాజీ మేడమ్‌కి చెప్పేసింది. కారణమడిగితే, ఇక్కడ వంటకి సాయంగా మంచి మనిషి దొరికిందని చెప్పింది.